స్విచ్‌బోర్డు విప్పి చూశానమ్మా

చిట్టితల్లీ,

సాయంత్రం బండికి హిందూపురం వెళ్లిపోతున్నాను. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఉండను. మీరు కొనాలనుకుంటున్న షవర్ హీటరు సంగతి ఫోన్లో హడావిడిగా చెప్పేది కాదు, అందుకే రాసి డీబీ పక్కన, అదే, ఇంటి కరెంటు లైన్లన్నీ మొదలయ్యే పెట్టె పక్కన పెడుతున్నాను. అల్లుడుగారికీ చూపించు.

పొద్దున మీరిద్దరూ వెళ్లాక మెయిన్ ఆపేసి, బాత్‌రూమ్ గీజరు బోర్డు విప్పాను. వైరు మీద అచ్చు చెరిగిపోయింది. చివర కాస్త తొక్క తీసి లోపలి రాగి పోగులు లెక్కపెట్టాను. 36 ఉన్నాయి, అంటే వైరు లావు 2.5 స్క్వేర్ ఎంఎం. ఫోర్ స్క్వేర్ అయితే 56 ఉండేవి. ఇప్పుడున్న గీజరు 2 కిలోవాట్లదే, 9 ఆంపియర్లు కూడా లాగదు. దానికి ఈ వైరు చాలు.

అప్పటికప్పుడు నీళ్లు కాచే ఆ షవర్ హీటరు 4.5 కిలోవాట్లు. 4500ని 230తో భాగిస్తే దాదాపు 20 ఆంపియర్లు. గీజరైతే నీళ్లు కాగాక ఆగిపోతుంది, వైరుకి కాస్త ఊపిరి అందుతుంది. ఇది అలా కాదు, మీరు స్నానం చేస్తున్నంతసేపూ పూర్తి కరెంటు లాగుతూనే ఉంటుంది. కరెంటు రెట్టింపైతే వైరులో వేడి నాలుగింతలవుతుంది. 2.5 వైరు కూడా తట్టుకుంటుందని షాపువాళ్లు అంటారు. విడిగా, కొద్ది దూరమైతే తట్టుకుంటుందేమో. గోడలో ఈ వైరు వచ్చే పైపులో ఇంకో రెండు సర్క్యూట్ల వైర్లు కూడా కూరి ఉన్నాయి, ఆ వేడి పోవడానికి చోటేదమ్మా?

నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది. నేను బాణసవాడిలో వైరింగ్ పనులు చేసే రోజుల్లో ఒక ఇంటాయన, గోడ పగలగొట్టొద్దు, ఉన్న వైరుకే కొత్త హీటరు కలిపేయమన్నాడు. సరేనన్నాను. రెండు నెలలకు, బాత్‌రూమ్‌లో ఏదో కాలిన వాసన వస్తోందని కబురు వచ్చింది. వెళ్లి విప్పితే ఎర్ర వైరు గోధుమరంగుకి తిరిగి ఉంది. వేలితో తాకితే తొక్క మాడిన అప్పడంలా పొడిపొడిగా రాలింది. లోపల రాగి నల్లబడింది. కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి లైను ఆపే ఎం.సి.బి. స్విచ్ ఎందుకు పడలేదా అని చూస్తే, 16 ఆంపియర్లది ఊరికే పడిపోతోందని ఎవరో తీసి 32ది పెట్టారు. ఎం.సి.బి. కాపాడేది హీటర్ని కాదు, వైరుని. వైరు మోయగలిగేదాని కంటే పెద్దది పెడితే, వైరు కాలుతున్నా దానికి తెలియదు. ఆ ఇంట్లో అప్పటి నీ ఈడు పిల్ల ఉండేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని డీబీ నుంచి బాత్‌రూమ్ దాకా కొత్త లైను లాగుదాం. కొలిచాను, 14 మీటర్లు. గోడ మీద విడిగా పీవీసీ పట్టీ వేసి, అందులో తెస్తే ఐఎస్ఐ గుర్తున్న ఫోర్ స్క్వేర్ రాగి వైరు సరిపోతుంది. పాత పైపులోనే పోవాలంటే మాత్రం సిక్స్ స్క్వేర్ తీసుకోవాలి. నా ఓటు పట్టీకే. చూడ్డానికి అంత బాగుండదు కానీ రేపు ఏదైనా తేడా వస్తే గోడ పగలగొట్టక్కర్లేదు. ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ కొత్తవే, మధ్యలో ఒక్క జాయింటు కూడా ఉండకూడదు. ఎం.సి.బి. 25 ఆంపియర్లది. ప్లగ్గు వద్దు, 16 ఆంపియర్ల ప్లగ్గు 20 మోయలేదు. బాత్‌రూమ్ బయట ఫేజునీ న్యూట్రల్నీ రెండింటినీ ఆపే 32 ఆంపియర్ల డబుల్ పోల్ స్విచ్ పెట్టి నేరుగా కలపాలి. మీ డీబీలో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది, కరెంటు లీకైతే షాకు కొట్టకముందే లైను ఆపేది అదే, దాని టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడింది. నెలకోసారి నువ్వూ నొక్కి చూడు.

అల్లుడుగారు లండన్‌లో వాడినట్టు 8.5 కిలోవాట్లది కావాలంటే అది 37 ఆంపియర్లు. దానికి టెన్ స్క్వేర్ వైరు కావాలి. మీ ఫ్లాటుకి ఎంత లోడు మంజూరైందో బెస్కాం వాళ్ల కరెంటు బిల్లు మీద ఉంటుంది, ముందు అది చూడమను. నన్నడిగితే ఇక్కడ ఆ ఆలోచన వద్దు. బెంగళూరు చలికి 4.5 చాలు. ట్యాంకు నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కించి నిమిషానికి మూడు లీటర్ల పైచిలుకు ఇస్తుంది.

వచ్చే శనివారం వస్తాను. ఈలోగా ఎవర్నీ పిలిచి పని మొదలుపెట్టించకండి, పాత గీజరే వాడుకోండి. బోర్డు మళ్లీ గట్టిగా బిగించాను. అమ్మ పంపిన ఉలవచారు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకుని తినండి.

నాన్న