హస్తకళాకారుడి కూలికి పద్దు లేదా?

సంపాదకులకు,

నేను ఒక పాలిటెక్నిక్ కళాశాలలో చాలా ఏళ్లుగా వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తున్నాను. మొదటి సంవత్సరం పిల్లలకు చెక్క అతుకులు వేయడం, ఆకురాయి పట్టడం నేర్పుతాను. అటెండరు పోస్టు ఖాళీగా ఉండడంతో లేత్‌లకు నూనె వేయడం, రంపపు పొట్టు ఊడ్వడం కూడా మా పనే అయింది. దానికి నేనేమీ బాధపడను.

నిరుడు లక్క బొమ్మలకు పేరుపొందిన ఏటికొప్పాక నుంచి ఒక హస్తకళాకారుణ్ణి పిలిచి మూడు రోజుల శిక్షణ ఏర్పాటు చేశాం. తిరుగుతున్న అంకుడు కర్రకు ఆయన లక్క కడ్డీని ఆనించగానే రాపిడి వేడికే లక్క కరిగి పూతలా పట్టుకోవడం, ఆపై మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడడం చూసి, ఘర్షణ పాఠాన్ని ఏళ్ల తరబడి బోర్డు మీదే చెప్పిన మా లెక్చరర్లు సైతం లేత్ చుట్టూ మూగారు.

అయితే పట్టా లేనివారికి గౌరవ వేతనం ఇచ్చే పద్దు లేదని కార్యాలయం తేల్చేయడంతో, ఆయన బస్సు ఛార్జీలూ కూలీ మేమే చందాలు వేసుకుని ఇచ్చాం. అలా ఇచ్చినవారిలో జీతం వేళకు అందని ఒప్పంద ఉద్యోగులూ ఉన్నారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన కళను నేర్పే మనిషికి మూడు రోజుల కూలి ఇవ్వడానికి మన నిబంధనల్లో చోటు లేకపోవడం నన్ను ఎంతో కలచివేసింది.

సాంకేతిక విద్యాశాఖ ఇటువంటి కళాకారులను అతిథి శిక్షకులుగా గుర్తించి, వారి వేతనానికి ప్రత్యేక పద్దు కేటాయించాలని, వచ్చే విద్యా సంవత్సరానికైనా ఆ ఉత్తర్వు ఇవ్వాలని మనవి చేస్తున్నాను.

– ఒక వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్, అనకాపల్లి జిల్లా