గైడ్ రాలేదు, మీ నుంచి జవాబూ రాలేదు: లండన్ పబ్ క్రాల్ బుకింగుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరాన్ని మీ సంస్థలో నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మనిషి ఎవరైనా మొదటి నుంచి చివరి దాకా చదవాలని కోరుతున్నాను. ఇంతకు ముందు నేను పంపిన మెయిళ్లలో ఒక్కదాన్నీ ఎవరూ పూర్తిగా చదివినట్టు లేదు. చదివి ఉంటే, చెప్పిన సంగతే మళ్లీ చెప్పమని ప్రతివాళ్లూ అడిగేవారు కాదు. మీరు నాకు అమ్మింది "తెలుగులో చెప్పే గైడ్‌తో లండన్ పాత పబ్బుల క్రాల్", అంటే ఒకే సాయంత్రం ఒక పబ్ నుంచి ఇంకో పబ్‌కి తిరుగుతూ చూడటం. అందుకే తెలుగులో రాస్తున్నాను. తెలుగువాళ్ల కోసమని చెప్పి డబ్బు తీసుకున్నప్పుడు ఫిర్యాదు కూడా తెలుగులో చదవాలి కదా.

జరిగింది రెండు ముక్కల్లో చెప్తాను. జూన్‌లో ఒక గురువారం సాయంత్రం ఆరింటికి, బ్లాక్‌ఫ్రయర్స్ స్టేషన్ ఎదురుగా ఉన్న "ద బ్లాక్‌ఫ్రయర్" పబ్ గుమ్మం దగ్గర గైడ్ కలుస్తాడని టికెట్ మీద ఉంది. అక్కణ్ణుంచి ఫ్లీట్ స్ట్రీట్‌లోని "యె ఓల్డ్ చెషర్ చీజ్", ఆ తర్వాత హాటన్ గార్డెన్ వీధి పక్క సందులో ఉండే "యె ఓల్డ్ మైటర్". మనిషికి 35 పౌండ్లు, తాగేదానికి ఎవరి ఖర్చు వాళ్లదే. నేను, నా భార్య, మా మావయ్య ఆరింటికి ముందే గుమ్మం దగ్గర నిలబడ్డాం. గైడ్ రాలేదు.

మనిషన్నాక జ్వరం వస్తుంది, రైలు ఆగిపోతుంది. ఆ మాట ఒక ఫోన్ చేసి చెప్పి ఉంటే మేం "సరే" అని మా దారిన మేం పోయేవాళ్లం. నా కోపం గైడ్ మీద కాదు. ఆ సాయంత్రం నుంచి ఈ రోజు దాకా మీ సంస్థ మమ్మల్ని చూసిన తీరు మీద.

ముందు మీ యాప్ తెరిచాను. "హాయ్, ఈ రోజు మీకు ఏ విధంగా సాయపడగలను?" అని బాట్ పలకరించింది. తేదీ మార్చుకోవడం, టికెట్ రద్దు చేసుకోవడం, డ్రింక్స్ ప్యాకేజీ కలుపుకోవడం, ఈ మూడే దారులు. గైడ్ రాలేదని చెప్పుకోవడానికి మీటే లేదు. నేను స్వయంగా టైప్ చేస్తే "క్షమించండి, నాకు అర్థం కాలేదు" అని మళ్లీ ఆ మూడే చూపించింది. డబ్బు కట్టే పేజీలో మాత్రం దానికి అన్నీ అర్థమయ్యాయి.

తర్వాత టికెట్ మీదున్న అత్యవసర నంబరుకి ఫోన్ చేశాను. చాలాసేపు పాట విన్నాక ఒకాయన పలికాడు. "గైడ్ అక్కడే ఉన్నారు సర్, ఒకసారి చుట్టూ చూడండి" అన్నాడు. చూశాను. "చేతిలో ఊదారంగు గొడుగు ఉంటుంది" అన్నాడు. ఊదారంగు కాదు కదా, అక్కడ ఏ రంగు గొడుగూ లేదు. ఆ మాటే చెప్తే "సిస్టమ్‌లో ఉన్నట్టే చూపిస్తోంది సర్" అన్నాడు. నా కళ్ల కంటే ఆయన స్క్రీనే ఆయనకి నిజం. గైడ్ ఫోన్ నంబరు ఇవ్వమంటే ప్రైవసీ అన్నాడు. మీరే ఆయనకి ఫోన్ చేసి కనుక్కోండంటే, లైన్‌లో ఉండమన్నాడు. పాట మళ్లీ మొదలైంది, కాసేపటికి లైన్ కట్ అయింది. నా నంబరు మీ దగ్గర ఉంది. తిరిగి చెయ్యలేదు.

మావయ్య గురించి ఇక్కడ చెప్పాలి. ఆయన బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇంగ్లీషు బాగా చదువుతారు గానీ అక్కడివాళ్లు గబగబా మాట్లాడితే అందుకోలేరు. ఆయన కోసమే తెలుగు గైడ్‌ని వెతికి మరీ బుక్ చేశాను. ఆ వయసులో గంటకు పైగా గుమ్మం పక్కన నిలబడ్డారు. లోపలికి వెళ్లి కూర్చుందాం రండి అంటే, "మనం లోపలుంటే ఆ అబ్బాయి వచ్చి వెతుక్కుంటాడురా" అన్నారు. మీ గైడ్ ఇబ్బంది పడకూడదని ఆయన ఆలోచించారు. మీ సంస్థలో ఒక్కరైనా ఆయన గురించి అంత ఆలోచించారా?

చివరికి మేమే లోపలికి వెళ్లాం. గోడల నిండా రాగి, పాలరాయి పలకల మీద సన్యాసుల బొమ్మలు. పబ్బులో సన్యాసులేమిట్రా అని మావయ్య అడిగారు. కౌంటర్ వెనక ఉన్న కుర్రాణ్ణి అడిగాను. జనం ఉన్నా ఓపిగ్గా చెప్పాడు. ఒకప్పుడు అక్కడ డొమినికన్ సన్యాసుల మఠం ఉండేదట, వాళ్ల నల్ల అంగీల వల్లే ఆ చోటికి బ్లాక్‌ఫ్రయర్స్, అంటే నల్ల సన్యాసులు, అని పేరు. భవనం 1875 నాటిది, లోపలి అలంకరణ 1905 నుంచి చేయించింది. 1960లలో కూల్చేయబోతే కవి జాన్ బెట్జమన్ లాంటివాళ్లు అడ్డుపడి కాపాడారు. ఇదంతా నేను తెలుగులో చెప్తుంటే మావయ్య ముఖం వెలిగిపోయింది. మీకు 35 పౌండ్లు కట్టింది దీని కోసమే. మా దగ్గర ఒక్క పెన్నీ అదనంగా తీసుకోని కుర్రాడు మీ పని చేసి పెట్టాడు.

ఆ తర్వాత ఫ్లీట్ స్ట్రీట్‌లో చెషర్ చీజ్ కోసం వెతుక్కున్నాం. దాని గుమ్మం పెద్ద రోడ్డు మీద ఉండదు, పక్క సందులో ఉంటుంది. దాన్ని దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చాం. 1666 లండన్ మహా అగ్నిప్రమాదం తర్వాత 1667లో మళ్లీ కట్టిన పబ్ అది. గుమ్మం పక్క బోర్డు మీద అప్పటి నుంచి ఏలిన రాజుల, రాణుల పేర్లు వరసగా ఉన్నాయి. మావయ్య ఒక్కొక్కటీ చదువుకుంటూ నిలబడిపోయారు. మైటర్ మొదట వెలిసింది 1546లో, మనిషి దూరేంత ఇరుకు సందులో ఉంటుంది. దాన్ని కనుక్కునే సరికి చాలా పొద్దుపోతుందని మానేశాం. ఇలాంటి చోట్ల కోసమే గైడ్ కావాలి. ఊరికే తాగడానికైతే లండన్‌లో ఎవరికీ గైడ్ అక్కర్లేదు.

మర్నాడు ఉదయమే మీకు మెయిల్ పెట్టాను. అసలు కథ అప్పుడు మొదలైంది.

మొదట జవాబిచ్చిన ఆవిడ "మేం బుకింగ్ వేదిక మాత్రమే, టూర్ నడిపేది లండన్‌లోని మా భాగస్వామి, వాళ్లని అడగండి" అన్నారు. వాళ్లకి రాశాను. "డబ్బు మా దగ్గరికి రాలేదు, టికెట్ అమ్మినవాళ్లని అడగండి" అన్నారు. ఆ జవాబుని అలాగే మీకు పంపాను. ఈసారి వేరే ఆయన వచ్చి "మీ సమస్య ఏమిటో కాస్త వివరంగా చెబుతారా" అన్నారు. మొదటి నుంచి మళ్లీ అంతా రాశాను. కచేరీలో దిక్కులేని ఫైలులా నా ఫిర్యాదు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి తిరుగుతూనే ఉంది. ప్రతి బల్ల దగ్గరా మళ్లీ మొదటి పేజీయే.

ఆ తర్వాతి ఏజెంట్ గైడ్ రాలేదనడానికి రుజువుగా ఫోటో పంపమన్నారు. రాని మనిషికి ఫోటో ఎలా తీస్తారండీ? ఖాళీ గుమ్మాన్ని తియ్యాలా? అయినా పంపగలిగింది పంపాను. బ్లాక్‌ఫ్రయర్‌లో మేం కట్టిన బిల్లు, దాని మీద టైము. మీ అత్యవసర నంబరుకి నేను చేసిన కాల్ రికార్డు. దానికొచ్చిన జవాబు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది: "ఈ బిల్లు మీరు పబ్‌లో ఉన్నారని చూపుతోంది, కలుసుకునే చోట ఉన్నారని చూపడం లేదు." అయ్యా, మీరు చెప్పిన కలుసుకునే చోటు ఆ పబ్ గుమ్మమే! మీ టికెట్ మీద మీరు అచ్చువేసిందే మీ మనిషి చదవలేదు.

మధ్యలో ఒకే ఒక్క అమ్మాయి మనిషిలా మాట్లాడింది. తెలుగులో మాట్లాడింది. "మీ మావయ్య గారు అంతసేపు నిలబడ్డారంటే నాకే బాధగా ఉందండి, దీన్ని నేను దగ్గరుండి చూస్తాను" అంది. ఆ రోజు నిజంగా ప్రశాంతంగా పడుకున్నాను. మర్నాడు నా కేసుని ఆ అమ్మాయి దగ్గర్నుంచి తీసి వేరే టీమ్‌కి ఇచ్చేశారు. ఆమెతో మాట్లాడాలంటే కుదరదన్నారు. దయచేసి ఈ ఉత్తరం కారణంగా ఆమెని ఏమీ అనకండి. మీ సంస్థలో నేను గౌరవించే మనిషి ప్రస్తుతానికి ఆమె ఒక్కతే.

ఆ కొత్త టీమ్ నుంచి వచ్చిన మొదటి మెయిల్‌లోనే "మీ సమస్య పరిష్కారమైంది" అని ఉంది. ఏం పరిష్కరించారో లేదు. దాని వెనకే ఇంకో మెయిల్, మా సేవకి అయిదు నక్షత్రాలు ఇవ్వండని. నేను ఫోన్ చేసి అడిగితే తెలిసిన సంగతి ఇది: మీ రికార్డులో "కస్టమర్ రాలేదు" అని రాసుకుని కేసు మూసేశారు. మేం రాలేదట!

ఈ ఒక్క మాట నన్ను పట్టి కుదిపేసింది. అక్కడ నిలబడి ఎదురు చూసింది మేం. మీకు ఫోన్ చేసింది మేం. "గైడ్ ఉన్నాడు, చుట్టూ చూడండి" అని మాకు చెప్పింది మీ మనిషి. రాని మనిషితో అత్యవసర లైన్‌లో అంతసేపు ఎందుకు మాట్లాడారు? ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా సూపర్‌వైజర్ ఫోన్ చేస్తారన్నారు. ఆ ఫోన్ కోసం నేను ఆఫీసు మీటింగుల్లో కూడా మొబైల్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. తర్వాత వచ్చింది ఒక కూపన్. తర్వాతి పబ్ క్రాల్‌కి పది శాతం తగ్గింపు. మమ్మల్ని అబద్ధాలకోరులుగా రాసి పెట్టుకుని, మళ్లీ మీ దగ్గరే కొనమంటారా? ఆ కూపన్ నాకు అక్కర్లేదు.

నేను మీకు కొత్త కస్టమర్‌ని కాను. ఎడిన్‌బరోలో, పారిస్‌లో మీతోనే తిరిగాను, బాగుందని మెచ్చుకుంటూ రాశాను. ఎండాకాలంలో యూరప్ చూడ్డానికి వచ్చే బంధువులకీ, స్నేహితులకీ మీ పేరే చెప్పాను. నా మాట మీద బుక్ చేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల పేర్లు మీ రికార్డులోనే ఉంటాయి. బ్లాక్‌ఫ్రయర్ గోడ మీద ఒక వాక్యం చెక్కి ఉంది: ప్రకటనలు ఇవ్వకు, కబుర్లు మోసేవాడి చెవిన వెయ్యి అని. ఇన్నేళ్లూ మీ కోసం ఆ కబుర్లు మోసింది నేను. ఇకనుంచి ఈ కబురు కూడా మోస్తాను.

బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం ఉంది. సేవ తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చెయ్యాలని, అమ్మేటప్పుడు ఇచ్చిన మాటని నమ్మి కొంటే ఆ మాట ఒప్పందంలో భాగమని అందులో ఉంది. తెలుగు గైడ్ అన్నది మీరిచ్చిన మాట. దాన్ని చూసే కొన్నాను. మా ముగ్గురి టికెట్ల డబ్బూ పూర్తిగా తిరిగి రావాలి. దానికంటే ముందు, "కస్టమర్ రాలేదు" అన్న రాతని నా ఖాతా నుంచి తీసెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, మా మావయ్య పేరు మీద తెలుగులో ఒక క్షమాపణ ఉత్తరం రావాలి. కింద "మీ సపోర్ట్ టీమ్" అని కాకుండా ఒక మనిషి పేరు, సంతకం ఉండాలి. ఆయన ఇప్పటికీ "పోనీలేరా, ఆ అబ్బాయికి ఏం ఇబ్బంది వచ్చిందో" అంటున్నారు. ఆయన వదిలేస్తారు. నేను వదలను.

ఈ ఉత్తరం అందిన రెండు వారాల్లో ఇవి జరగకపోతే బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్ పెడతాను, అంటే కార్డు మీద కట్టిన డబ్బుని వెనక్కి ఇప్పించమని బ్యాంకునే అడుగుతాను. అదీ కాకపోతే ఇంగ్లండ్‌లో చిన్న క్లెయిముల కోర్టు ఉంది, 10,000 పౌండ్ల దాకా వివాదాలు మామూలుగా అక్కడ వింటారు, లాయరు లేకుండానే వెళ్లొచ్చు. మాది దానిలో ఒక మూలకి కూడా రాని మొత్తం. అయినా వెళ్తాను. మీ మెయిళ్లన్నీ దాచి ఉంచాను, "పరిష్కారమైంది" అన్నదానితో సహా.

బుకింగ్ నంబరు, బిల్లు, కాల్ రికార్డు, భాగస్వామి రాసిన జవాబు, అన్నీ మరోసారి జత చేశాను. దయచేసి వాటిని మళ్లీ పంపమని మాత్రం అడగకండి.

ఇట్లు,
బుకింగ్ చేసి, చెప్పిన టైముకి వచ్చిన కస్టమర్