కాలిన కొండదారిని వానలకు ముందే బాగుచేయాలి: ఆలయ కమిటీ విరాళాల విజ్ఞప్తి

భక్తమహాశయులకు నమస్కారం.

నల్లమలలో ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పుల కాలం. ఈ ఏడాది ఆ మంటలు మన నరసింహస్వామి గుడికి ఎక్కే మెట్లదారిని, దారిలోని విశ్రాంతి షెడ్డును తాకాయి. స్వామివారి దయవల్ల గర్భగుడికి, మండపానికి ఏమీ కాలేదు. దారి ఎప్పుడు తెరుస్తారని రోజూ అడుగుతున్నారు. మంట ఆరినా తెరవలేకపోవడానికి కారణం చెట్లు.

ఇక్కడ వచ్చేది ఎక్కువగా నేలమంటే. ఎండుటాకు, బోదగడ్డి మీదుగా పాకుతూ, చెట్టు మొదట్లో పాత తొర్ర కనిపిస్తే అందులో దూరుతుంది. పైన కొమ్మలు బాగానే ఉంటాయి, మొదలు మాత్రం లోపల్లోపల కాలి డొల్లవుతుంది. అలాంటి చెట్టు ఎండల్లో నిలబడే ఉంటుంది. నేల నాని, ఈదురుగాలి తోడైన రోజున కూలుతుంది. అంటే సరిగ్గా జనం కొండెక్కే వేళకి.

ఇది పులుల అభయారణ్యం. ఎండు కొమ్మ నరకాలన్నా అనుమతి కావాలి. అటవీ సిబ్బంది మాతో పాటు దారంతా నడిచి 43 చెట్లకు గుర్తు వేశారు. చెట్టు పడితే దారిని తాకేంత దగ్గరలో ఉన్నవే లెక్కలోకి వచ్చాయి. లోపలి అడవిలో కాలి నిలిచినవాటి జోలికి పోము, వడ్రంగిపిట్టలకు, గుడ్లగూబలకు అవే ఇళ్లు. డొల్లను గుర్తుపట్టడం ఎలాగంటే, గొడ్డలి వెనకవైపుతో తట్టితే గట్టి మాను ఖంగుమంటుంది, డొల్లది డప్పులా మోగుతుంది. బెరడు నల్లబడినంత మాత్రాన చెట్టు చచ్చినట్టు కాదు. కత్తితో కాస్త గీరితే కింద పచ్చగా, తడిగా ఉంటే అది బతికే ఉంది. టేకు, నల్లమద్ది, తునికి తొలకరికి మళ్లీ చిగురిస్తాయి. అన్నీ కొట్టేసి శుభ్రం చేయమన్న సలహాలు చాలా వచ్చాయి గానీ, ఆ పని మేం చేయం. కొట్టిన కలప కూడా అటవీ శాఖదే, అన్నదానం పొయ్యిలోకి ఒక్క పుల్ల రాదు.

రంపం ఉన్నవాళ్లు సేవకు వస్తామంటున్నారు. సంతోషం, కానీ దయచేసి రావద్దు. మంచి చెట్టు కొట్టేటప్పుడు, పడాల్సిన వైపు మాను మందంలో నాలుగో వంతు లోతున గాటు పెట్టి, వెనక నుంచి కోస్తూ, మధ్యలో పదో వంతు మందం కోయకుండా వదులుతారు. చెట్టును ఆ దిక్కుకే వంచేది ఆ మిగిలిన కర్ర. డొల్లమానులో ఆ కర్రే ఉండదు. అందుకని ఇనుప తాడు కట్టి చేతి వించితో (చేత్తో తిప్పి తాడును లాగే యంత్రం) దూరం నుంచి లాగాలి, మిగతావాళ్లు చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి. కాలిన బెరడులోని బొగ్గు, ఇసుక తగిలి రంపం గొలుసు త్వరగా మొద్దుబారుతుంది, పెట్రోలు నింపిన ప్రతిసారీ సానపట్టాలి. రంపం చప్పుడుకి, అదురుకి పైన వేలాడే ఎండు కొమ్మ నెత్తిన పడొచ్చు. నేల కూడా నమ్మదగ్గది కాదు. వేళ్లు కాలిన చోట పైన పలచని బూడిద, కింద గుంత. మంట ఆరిన చాలా రోజులకీ అందులో కణకణలాడే నిప్పు ఉండొచ్చు. గడ్డపారతో పొడిచి చూసుకుంటూ అడుగేయాలి.

షెడ్డు శిథిలాలది వేరే తంటా. పైకప్పు ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు వేడికి పగిలి ముక్కలయ్యాయి. వాటి పొడి ఊపిరితిత్తులకు చేటు. చీపురు పెట్టకుండా, నీళ్లు చిలకరించి, ఇక విరక్కుండా మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలుగా చుట్టి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. కరిగిన నీళ్ల ట్యాంకు, సోలార్ దీపాల బ్యాటరీలు విడిగా పోతాయి. బూడిదను కోనేటిలోకి కడగనివ్వం, అది నీటిని క్షారంగా మారుస్తుంది.

ఆకు, గడ్డి పోయిన వాలు మీద మొదటి పెద్దవానకే మట్టి మెట్ల మీదికి దిగుతుంది. అటవీ శాఖ ఒప్పుకున్న చోట కొట్టిన దుంగల్నే వాలుకు అడ్డంగా, సగం పూడేలా గాడి తవ్వి, మేకులు దిగ్గొట్టి పరుస్తాం. దుంగ ఏమాత్రం ఏటవాలుగా పడినా నీరంతా ఒక కొసకు చేరి అక్కడే వాగు కోస్తుంది. అందుకే మట్టం చూసి పరిచేందుకు అనుభవమున్న చెంచు సోదరులకే కూలి ఇచ్చి చేయిస్తున్నాం.

మొత్తం అంచనా రూ. 4,80,000. చెట్ల కోతకు, వించి అద్దెకు 1,75,000, అంటే చెట్టుకు సుమారు 4,000. వాలు పనికి 1,40,000. రేకుల తరలింపునకు 60,000. వేడికి పెచ్చులూడిన మెట్ల రాళ్లు మార్చడానికి 60,000. హెల్మెట్లు, బూట్లు, చేతొడుగులు, మాస్కులకు 45,000. మాస్కుల్లో పొదుపు చేయమని ఎవరూ అడగొద్దని మనవి.

ఒక చెట్టు ఖర్చు ఒక కుటుంబం పేరున ఇవ్వొచ్చు. వందో, రెండొందలో ఇచ్చినా రసీదు ఇస్తాం. బియ్యం, చీరలు, కొత్త విగ్రహాలు ఇప్పుడు వద్దు. గాలివానలు మే నెలలోనే మొదలవుతాయి కాబట్టి ఏప్రిల్ నెలాఖరులోగా కమిటీ కార్యాలయంలో చెల్లించండి. జమాఖర్చులు ప్రతి శనివారం ధ్వజస్తంభం దగ్గర బోర్డు మీద పెడతాం. మిగులు ఉంటే, వచ్చే జనవరిలో దారికి రెండువైపులా ఎండుటాకు ఊడ్చి, మంట దాటకుండా అగ్గిగీతలు తీయించడానికే వాడతాం.

ఇట్లు,
ఆలయ కమిటీ