ఆ ‘చైనా శాపం’ చైనాది కాదు

సంపాదకులకు నమస్కారం.

యుద్ధాల గురించి రాసే వ్యాసాల్లో ఒక మాట తరచూ కనిపిస్తోంది. ‘నువ్వు ఆసక్తికరమైన కాలంలో బతకాలి’ (అంటే కల్లోలంలో బతకాలి) అని చైనావాళ్లు శత్రువును శపిస్తారట! ఇలాంటి శాపం పాత చైనా గ్రంథాల్లో ఎవరికీ దొరకలేదు. 1936లో బ్రిటిష్ నాయకుడు ఆస్టెన్ చాంబర్లిన్ దీన్ని ఒక ప్రసంగంలో చెప్పారు. 1966 జూన్‌లో అమెరికా సెనేటర్ రాబర్ట్ కెనెడీ కేప్‌టౌన్‌లో చెప్పాక ఇంకా పాకిపోయింది. మన పత్రికలోనైనా దీన్ని చైనాకు అంటగట్టడం ఆపండి.

నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, దీనికి దగ్గరగా ఉండే మాట చైనాలో నిజంగానే ఉంది. అది మరుగున పడిపోతోంది. ‘నింగ్ వెయ్ తైపింగ్ చువాన్, మో జువో లువాన్ లీ రెన్’. చైనా లిపిలో పదే అక్షరాలు. కల్లోలంలో మనిషిగా ఉండేకంటే శాంతి ఉన్నచోట కుక్కగా ఉండటం మేలు అని అర్థం. ‘కుక్క బతుకు’ అంటే మనకు అంతకంటే హీనం లేదు కదా. ఆ బతుకే నయమనిపించిందంటే వాళ్లు ఏం చూసి ఉండాలి!

1627లో చైనా రచయిత ఫెంగ్ మెంగ్‌లాంగ్ ప్రచురించిన కథల సంపుటిలో, నూనె అమ్మే కుర్రాడి కథలో ఈ మాట ఉంది. ఉత్తరాది నుంచి వచ్చిన జుర్చెన్ తెగల సేనలు చైనాను ఏలుతున్న సోంగ్ వంశపు రాజధాని బియాన్‌లియాంగ్ (నేటి కైఫెంగ్) మీద పడ్డాయి. ఆ ఊరి బయట ఒక పల్లెలో కిరాణా కొట్టు నడుపుకునే భార్యాభర్తలు పన్నెండేళ్ల కూతుర్ని తీసుకుని, మూట వీపున వేసుకుని జనంతో పాటు పరుగు తీశారు. ఆ పల్లె పేరు ‘ఆన్‌లె’, అంటే సుఖశాంతులు. శత్రువు కంట పడకుండా చూడమని దారి పొడవునా దేవుళ్లకు, పితరులకు మొక్కుకున్నారు. సరిగ్గా అక్కడే రచయిత ఈ మాట వేశాడు. శత్రువు ఎదురుపడలేదు. ఓడి తిరిగొస్తున్న సొంత దేశపు సైనికులే ఎదురయ్యారు. ‘వాళ్లొచ్చేశారు’ అని అబద్ధపు కేకలు పెట్టి, జనం చెల్లాచెదురు కాగానే దోచుకున్నారు. ఆ తొక్కిసలాటలో పిల్ల తప్పిపోయింది. అమ్మానాన్నల దగ్గరికి తీసుకెళ్తానని నమ్మించిన పొరుగింటాయన ఆమెను అమ్మేశాడు.

ఇల్లు వదిలి పారిపోయేవాళ్లకు ఆ కాలం ‘ఆసక్తికరం’గా ఉంటుందా? ఒడ్డున నిలబడి చూసేవాళ్లే అనగలిగే మాట అది. గాజా, సుడాన్ వార్తల పక్కన దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటోంది. ఈసారి అక్కడ చైనా సామెత వేయాలనుకుంటే ఈ పది అక్షరాలు వేయండి. ఏ కథలోదో కూడా రాయండి, చదివేవాళ్లకు ఆ పిల్ల సంగతి తెలుస్తుంది.

— ఒక పాఠకురాలు, తెనాలి