తిట్టు దగ్గరే ఆపేస్తే ఎలా?

సంపాదకుల వారికి నమస్కారం.

మనసును కదిలించే పాటల మాట వస్తే చాలామంది త్యాగరాజ పంచరత్నాలతో మొదలుపెడతారు. నా ఓటు మాత్రం రామదాసు ‘ఇక్ష్వాకు కుల తిలక’కే. చూడబోతే అది ఖర్చుల చిట్టా. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ ఖైదులో పడ్డ కంచర్ల గోపన్న, అదే మన రామదాసు, రాముడికే లెక్క అప్పజెబుతున్నాడు. సీతమ్మకు చింతాకు పతకం, దానికి పట్టినవి పదివేల మొహరీలు, అంటే బంగారు నాణేలు. ఎంతైనా తహసీల్దారు కదా, లెక్క తప్పనిస్తాడా!

ఈమధ్య స్టేజీల మీదా, రీల్స్‌లోనూ ‘ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు’ దగ్గర చప్పట్లు కొట్టించుకుని ఆపేస్తున్నారు. పాట ప్రాణమంతా ఆ తర్వాతే ఉంది. ‘అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు’ అంటూ వెంటనే బతిమాలుకుంటాడు. ఈ దెబ్బలకు ఓర్వలేకే తిట్టానయ్యా అంటాడు. అంతసేపూ నిలదీసిన మనిషి ఒక్కసారిగా బేలైపోతాడు. బాలమురళీకృష్ణ గొంతులో రామదాసు కీర్తనలు వింటూ పెరిగిన తరం మాది. అక్కడ స్వరం కాస్త తగ్గించి, మాట స్పష్టంగా పలికితే చాలు, వినేవాళ్లకు కళ్లు చెమర్చాల్సిందే. దానికి కీబోర్డు హోరు ఎందుకో నాకు బోధపడదు.

శ్రీరామనవమి కచేరీలు పెట్టే నిర్వాహకులకు ఒక మనవి. టైమ్ చాలకపోతే ఇంకో పాట తీసేయండి. ఈ ‘అబ్బ తిట్టితినని’ చరణం మాత్రం కత్తిరించకండి.

– ఒక పాఠకురాలు, ఖమ్మం