గేర్‌బాక్సు కాలిపోలేదు, పళ్ల చక్రాలు తారుమారయ్యాయి

అనంతపురం,
2025 సెప్టెంబరు 8.

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: లాన్‌మోవరు (పచ్చిక కత్తిరించే యంత్రం) సర్వీసులో మీ కేంద్రం చేసిన పొరపాటు, ఆ తప్పును మా మీద మోపడం గురించి.

అయ్యా,

తనంతట తాను నడిచే మీ లాన్‌మోవరును గత ఫిబ్రవరిలో అనంతపురంలోని మీ డీలరు దగ్గర 48,500 రూపాయలకు కొన్నాను. ఆగస్టులో మీ సర్వీసు కేంద్రం వారు ‘గేర్‌బాక్సు కాలిపోయింది, వారంటీ వర్తించదు, కొత్తది వేయాలంటే 11,800 రూపాయలు కట్టండి’ అన్నారు. ఆ గేర్‌బాక్సు కాలిపోలేదు. ఈ ఉదయం కూడా అదే గేర్‌బాక్సుతో మా యంత్రం ఒక పాఠశాల ఆవరణలో రెండు గంటలు నడిచింది. దాన్ని కదలకుండా చేసింది మీ సర్వీసు కేంద్రంలో జరిగిన ఒక చిన్న పొరపాటు. ఆ పొరపాటును ఒప్పుకోకుండా ‘అధిక వినియోగం’ అని కాగితం మీద రాసి మాకు ఇచ్చారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. అందుకే జరిగినదంతా వివరంగా రాస్తున్నాను. ఓపికగా చివరి వరకూ చదవండి.

నేనూ నా భర్తా కలిసి పచ్చికలు పెంచి, కత్తిరించే పని చేస్తాం. రెండు కల్యాణ మండపాలు, ఒక పాఠశాల, తొమ్మిది ఇళ్లు మా చేతిలో ఉన్నాయి. సెలవు రోజుల్లో మా అక్క కొడుకు సాయం వస్తాడు. ఇంకెవరూ లేరు. వానలు అంతంత మాత్రంగా పడే ఈ జిల్లాలో పచ్చికను బతికించుకోవడమే ఒక కష్టం. బోరు నీళ్లు పెట్టి పెంచిన గరికను సమయానికి కత్తిరించకపోతే అడుగు పసుపుబారుతుంది, తర్వాత కోసినా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. మాకు ఇంతకు ముందు తోసుకుంటూ వెళ్లే పెట్రోలు యంత్రం ఉండేది. రెండేళ్ల కిందట నా భర్తకు నడుములో డిస్కు జారింది. బరువు తోయవద్దని డాక్టరు చెప్పాక, ఉన్న యంత్రాన్ని అమ్మి, చీటీ పాడి, మీ యంత్రం కొన్నాం. మామూలు యంత్రానికీ దీనికీ మధ్య తేడా 17,000 రూపాయలు. చక్రాలు వాటంతట అవే లాగుతాయన్న ఒక్క కారణంతోనే ఆ డబ్బు పెట్టాం.

మొదటి నాలుగు నెలలు యంత్రం చాలా బాగా పని చేసింది. ఆ మాట కూడా చెప్పాలి. జులైలో ఇబ్బంది మొదలైంది. ఆషాఢం గాలులకు ఇక్కడ ఎర్రమట్టి ఎంతగా లేస్తుందో, పొద్దున తుడిచిన అరుగు మధ్యాహ్నానికి ఏ రంగుకు తిరుగుతుందో ఈ ఊళ్లో ఉన్నవారికి తెలుసు. ఆ రోజుల్లోనే యంత్రం ఎడమ పక్కకు గుంజడం మొదలుపెట్టింది. తిన్నగా పోనిస్తున్నా ముక్కు ఎడమకు తిరిగేది. గడ్డి సంచి నిండితే, కొంచెం ఎత్తు ఎక్కాల్సి వస్తే కుడి చక్రం ఒక్కటే లాగేది, ఎడమది ఊరికే దొర్లేది. జులై 28న ఆటోలో వేసుకుని మీ సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లాను. ‘ఎడమ చక్రం లాగడం లేదు’ అని నేను చెప్పిన మాటనే వారు జాబ్ కార్డు మీద రాసుకున్నారు. దాని నకలు జతపరిచాను.

వారం ఉంచుకున్నారు. ఆగస్టు 4న, శుభ్రం చేసి సర్వీసు చేసినందుకని 1,650 రూపాయలు తీసుకున్నారు. బయట గచ్చు మీద ఒక్కసారి నడిపి చూపించమని అడిగాను. ట్యాంకులో పెట్రోలు లేదన్నారు. పెట్రోలు తెస్తానన్నాను. భోజనాల వేళ అయింది, ఏమీ కాదు, తీసుకెళ్లండి అన్నారు. ఆ రోజు అక్కడ పట్టుబట్టి నిలబడి ఉంటే తర్వాతి కష్టమంతా తప్పేది.

ఇంటికి తెచ్చి ఇంజను స్టార్ట్ చేసి లీవరు నొక్కితే యంత్రం అంగుళం కూడా కదలలేదు. పోయేటప్పుడు ఒక చక్రమైనా లాగేది, వచ్చాక రెండూ లాగడం లేదు. శ్రావణ మాసం, మండపంలో మరునాడు సాయంత్రమే పెళ్లి. మీ కేంద్రానికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. చేసేదేమీ లేక మర్నాడు తెల్లవారుజామున ఆ యంత్రంతోనే పనికి దిగాం.

ఇక్కడ ఒక సంగతి మీరు శ్రద్ధగా గమనించాలి. ఆ యంత్రం ముందుకు తోస్తే మొరాయించేది, వెనక్కి లాగితే తేలిగ్గా వచ్చేది. నడుము నొప్పితో ముందుకు తోయలేక నా భర్త దాన్ని వెనక్కి లాగుతూ, తాను వెనక్కి నడుస్తూ గడ్డి కోశారు. తిరుగుతున్న బ్లేడు ఆయన పాదాల వైపు వస్తోంది. తడిసిన పచ్చిక జారుతుంది. నేను పక్కనే నడుస్తూ, ఆయన మడమల వెనుక రాయి ఉందా, పైపు ఉందా అని చూస్తూ, ‘ఆగండి, ఆగండి’ అంటూ రెండున్నర గంటలు గడిపాను. ఆయన కాలు ఒక్కసారి జారి ఉంటే ఈ ఉత్తరం ఇలా ఉండేది కాదు.

ఆగస్టు 7న మళ్లీ మీ కేంద్రానికి తీసుకెళ్లాను. మెకానిక్ యంత్రాన్ని ఒక పక్కకు వంచి చూశాడు. బెల్టు మీది మూత విప్పలేదు, చక్రాలు ఊడదీయలేదు. పది నిమిషాల్లో గేర్‌బాక్సు కాలిపోయిందని చెప్పాడు. జాబ్ కార్డు మీద ‘అధిక వినియోగం వల్ల’ అని రాశారు. మా దగ్గర అంత డబ్బు లేదు. యంత్రాన్ని వెనక్కి తెచ్చుకున్నాం. మా యంత్రం అక్కరకు రాని రోజుల్లో మొత్తం మీద పన్నెండు రోజులు ఇంకొకరి యంత్రం రోజుకు 600 రూపాయల బాడుగకు తెచ్చి పని నడిపాం.

మా మేనమామ ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా పని చేసి రిటైరయ్యారు. ఆగస్టు 17 ఆదివారం మా ఇంటికి వచ్చి, సంగతి విని, ‘ముందుకు బరువు, వెనక్కి తేలిక అంటున్నావు కదమ్మా, గేర్‌బాక్సు కాలితే అలా ఉండదే’ అన్నారు. యంత్రాన్ని వాకిట్లో సమంగా నిలబెట్టి, ఇంజను స్టార్ట్ చేసి, నన్ను లీవరు నొక్కి పట్టుకోమన్నారు. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను వెనుక చక్రం మధ్యలో ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత లీవరు ఆయన పట్టుకుని నన్నూ వినమన్నారు. ఇంజను హోరులో మామూలుగా వినపడని చప్పుడు ఆ ఇనుప కడ్డీ గుండా స్పష్టంగా వినిపించింది. టక టక టక అని, ఆగకుండా. రెండో చక్రం దగ్గరా అంతే. ‘ఇరుసు తిరుగుతోంది. ఇంజను బెల్టును, బెల్టు గేర్‌బాక్సును, గేర్‌బాక్సు ఇరుసును తిప్పుతాయి. ఇరుసు తిరుగుతోందంటే బెల్టూ బాగుంది, గేర్‌బాక్సూ బాగుంది. ఇరుసుకూ చక్రానికీ మధ్య పట్టు లేదు, అంతే’ అన్నారు.

ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ పీకి పక్కన పెట్టాకే పానా చేతికి తీసుకున్నారు. చక్రాలు ఊడదీస్తే ఇరుసు రెండు చివర్లలో రెండు చిన్న పళ్ల చక్రాలు ఉన్నాయి. అవి పెద్ద చక్రం లోపలి పళ్లను పట్టుకుని తిప్పుతాయి. ఒక్కో చిన్న చక్రం లోపల, ఇరుసులో ఉన్న చీలికలో వేలి గోరంత ఉక్కు ముక్క ఉంటుంది. మెకానిక్కులు దాన్ని కీ అంటారు. సైకిల్ ఫ్రీవీల్ ఎలా పని చేస్తుందో ఇదీ అంతే. ఇరుసు ముందుకు తిరిగితే కీ ఆ చిన్న చక్రం లోపలి పళ్లకు అడ్డుపడి చక్రాన్ని లాక్కుపోతుంది. మనం అంతకంటే వేగంగా తోస్తే టకటకమంటూ వదిలేస్తుంది. అందుకే ఈ పళ్లు ఒక వైపుకే వాలి ఉంటాయి, ఎడమ పక్కది వేరు, కుడి పక్కది వేరు. గుర్తు కోసం మీ కంపెనీయే వాటి మీద ‘ఎల్’, ‘ఆర్’ అక్షరాలు పోతపోసింది. మా యంత్రంలో ‘ఆర్’ అక్షరం ఉన్నది ఎడమ వైపు, ‘ఎల్’ ఉన్నది కుడి వైపు బిగించి ఉన్నాయి. ఫోటోలు జతపరిచాను. ఫిబ్రవరి నుంచి జులై వరకు యంత్రం ముందుకు నడిచింది కాబట్టి ఫ్యాక్టరీలో ఇవి సరిగానే బిగించారు. ఆ తర్వాత ఆ చక్రాలు విప్పింది మీ సర్వీసు కేంద్రం ఒక్కటే.

తారుమారు చేసి బిగిస్తే ఏమవుతుందో మీ ఇంజనీర్లకు నేను చెప్పనక్కరలేదు. ముందుకు లాగాల్సినప్పుడు కీ జారిపోతుంది, చేత్తో ముందుకు తోస్తే పట్టుకుని ఇరుసును, దానితో పాటు గేర్‌బాక్సును లాగుతుంది. మేము పడ్డ అవస్థకు కారణం సరిగ్గా ఇదే.

జులైలో నేను చెప్పిన అసలు జబ్బు కూడా అక్కడే కనిపించింది. ఎడమ పక్క కీ అంచు అరిగి గుండ్రబడింది. దాని చుట్టూ గ్రీజు, ఎర్రమట్టి కలిసి ముద్దలా పేరుకుపోయింది. అంటే నేను ఏ పని కోసం తీసుకెళ్లానో ఆ పనే జరగలేదు. మామయ్య అన్నీ పెట్రోలులో కడిగి ఆరబెట్టి, ఏ పక్కది ఆ పక్క పెట్టి బిగించారు. గంటన్నర పట్టింది. లీవరు నొక్కగానే యంత్రం వాకిలి దాటి వీధిలోకి నడిచింది. నా భర్త దాని వెంట ఒంటి చేత్తో పిడి పట్టుకుని నడుస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గేర్‌బాక్సును ఎప్పుడు అనుమానించాలో ఆ రోజు మామయ్య దగ్గర నేర్చుకున్నాను. మీరు ఇచ్చిన పుస్తకం మొత్తం ఇంగ్లిషులో ఉంది, అందులోనూ చక్రాలు లాగకపోతే డీలరును కలవండి అన్న ఒక్క వాక్యమే ఉంది. లీవరు పూర్తిగా నొక్కినా కేబులు వదులుగా వేలాడుతుంటే ముందు దాని నట్టును ఒకటి రెండు చుట్లు బిగించాలి. మరీ బిగిస్తే లీవరు వదిలాక కూడా బండి నడుస్తుంది, బెల్టు ఊరికే అరుగుతుంది. కేబులు సరిగా ఉండి కూడా ఎత్తు ఎక్కలేకపోతే బెల్టు చూడాలి. దాని పక్కలు అద్దంలా మెరుస్తుంటే అది పుల్లీ మీద జారుతున్నట్టు. ఒక పక్కకే గుంజుతుంటే, ఏ పక్కకు గుంజుతుందో ఆ పక్క కీ, పళ్లు చూడాలి. కేబులూ బెల్టూ బాగుండి, గేర్‌బాక్సు పుల్లీ తిరుగుతున్నా ఇరుసు తిరగకపోతేనే అనుమానం గేర్‌బాక్సు మీదికి పోవాలి. విప్పే ముందు ప్లగ్ తీగ పీకాలి, వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టరు పైకి ఉండాలి, లేకపోతే ఇంజను ఆయిలు ఫిల్టరులోకి దిగుతుంది. ఒక పేజీలో పట్టే ఈ మాటలు తెలుగులో అచ్చువేసి ఇవ్వడం మీకు పెద్ద పని కాదు. మీ మెకానిక్ కూడా ఇదే వరుసలో చూసి ఉంటే పావుగంటలో తేలిపోయేది. చివర చూడాల్సిన దాన్ని మొదటే, అదీ విప్పకుండానే, పోయిందని తేల్చేశాడు.

ఇక వారంటీ సంగతి. ‘వ్యాపారానికి వాడారు కాబట్టి వర్తించదు’ అని మీ కేంద్రం మేనేజరు అన్నారు. కొనేటప్పుడే నేను చేసే పని ఏమిటో మీ డీలరుకు చెప్పాను. ఈ పనికి ఇదే సరైన మోడల్ అని చూపించింది ఆయనే. పైగా వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. మేము చేసేది స్వయం ఉపాధే. అన్నిటికంటే ముఖ్యంగా, నేను డబ్బు అడుగుతున్నది యంత్రం అరుగుదల గురించి కాదు. డబ్బు తీసుకుని చేసిన సర్వీసులో జరిగిన తప్పు గురించి. దానికి వారంటీ షరతులతో పని లేదు.

కాబట్టి, సర్వీసు పేరుతో తీసుకున్న 1,650 రూపాయలు, యంత్రం బాడుగ కింద మాకు ఖర్చయిన 7,200 రూపాయలు, మొత్తం 8,850 రూపాయలు తిరిగి ఇవ్వండి. అరిగిన ఎడమ కీ స్థానంలో కొత్తది వారంటీ కింద ఉచితంగా ఇవ్వండి. అది బెంగళూరు నుంచి రావడానికి మూడు వారాలు పడుతుందని మీ కేంద్రం చెబుతోంది. ఇంత చిన్న సామాను అనంతపురంలో నాలుగైనా నిల్వ ఉంచాలి. మా యంత్రం రికార్డులో ‘అధిక వినియోగం, గేర్‌బాక్సు దెబ్బతింది’ అని రాసిన మాట కొట్టివేసి, జరిగిన పొరపాటును రాతపూర్వకంగా తెలపండి. రేపు నిజంగా గేర్‌బాక్సుకు ఏమైనా అయితే ఆ మాట చూపించే మళ్లీ మమ్మల్ని తిప్పి పంపుతారన్న భయం నాకుంది. సర్వీసు చేసిన ప్రతి యంత్రాన్నీ కొన్నవారి కళ్ల ముందు నడిపి చూపించాకే డబ్బు తీసుకోవాలని మీ కేంద్రాలకు చెప్పండి.

ఆ మెకానిక్‌ను పనిలోంచి తీసేయమని నేను అడగడం లేదు. ఇరవై ఏళ్లు దాటని కుర్రవాడు. ఆ రోజు యంత్రం ఆటోలోకి ఎక్కించడానికి తనే వచ్చి సాయం పట్టాడు. అతనికి ఎల్, ఆర్ అంటే ఏమిటో ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి. నేర్పాల్సింది మీరు.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు వెళతాను. మేము నివసించే చోటే కేసు వేయవచ్చని, అయిదు లక్షల లోపు విలువైన ఫిర్యాదుకు ఫీజు లేదని తెలుసుకున్నాను. అక్కడిదాకా వెళ్లాలని నాకు లేదు. మాకు కావలసింది యంత్రం నడవడం, మా మీద వేసిన మాట పోవడం.

మీ మనిషిని పంపదలిస్తే మధ్యాహ్నం పన్నెండు తర్వాత పంపండి, అప్పటికి పని ముగించుకుని ఇంట్లో ఉంటాం. మామయ్యను కూడా పిలుస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు.

జతపరిచినవి: కొనుగోలు బిల్లు, జులై 28, ఆగస్టు 7 తేదీల జాబ్ కార్డుల నకళ్లు, 1,650 రూపాయల రసీదు, యంత్రం బాడుగ రసీదులు, పళ్ల చక్రాల ఫోటోలు ఆరు.