సెలవు అడిగితే జవాబైనా ఇమ్మనండి

కర్ణాటక కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మారతహళ్లి చుట్టుపక్కల అద్దెకుంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లలో నేనొకణ్ణి. ఈ లేఖ కన్నడ ప్రతిని బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనకు విడిగా పంపుతున్నాను.

మా నాన్నకు కడపలో డయాలసిస్ చేయిస్తున్నాం. వారానికి మూడుసార్లు, కూర్చుంటే నాలుగు గంటలు. పక్కన మనిషి ఉండి తీరాలి, అమ్మ ఒక్కతే ఎన్నాళ్లని తిరుగుతుంది? పోర్టల్లో సెలవు పెట్టాను. పెండింగ్ అని చూపించి అక్కడే ఆగిపోయింది. మేనేజర్ని అడిగితే హెచ్ఆర్ చూడాలంటాడు, హెచ్ఆర్‌ని అడిగితే మేనేజర్ నొక్కాలంటారు. ఈలోగా ఆస్పత్రి కాగితాలు టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నారు. నాన్న క్రియాటినిన్ ఎంతో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడికి కూడా తెలిసిపోయింది. చివరికి వచ్చిన సలహా ఏమిటంటే, "అక్కణ్ణుంచే లాగిన్ అవ్వు బ్రో". అయ్యాను. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, మెషిన్ అలారం కొట్టినప్పుడల్లా మైక్ మ్యూట్ చేసుకుంటూ కాల్ నడిపించాను. కాదంటే కాదని చెప్పినా వేరే దారి చూసుకునేవాణ్ణి. ఆ మాటా చెప్పలేదు.

మా ప్రాజెక్టులోనే డాలస్‌లో పనిచేసే ఆయన వాళ్లమ్మ ఆపరేషన్‌కి సెలవు అడిగాడు. అమెరికాలో 1993లో తెచ్చిన కుటుంబ, వైద్య సెలవు చట్టం ఒకటుంది. దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. పన్నెండు వారాలు ఇస్తుంది గానీ పైసా జీతం ఇవ్వమనదు. యాభై మంది లేని ప్రైవేటు కంపెనీకి వర్తించదు. అమ్మానాన్నల కోసం తీసుకోవచ్చు, అత్తమామల కోసం కుదరదు! అయినా యాజమాన్యం మెడలు వంచే సంగతులు కొన్ని అందులో ఉన్నాయి. సెలవు అడిగిన ఐదు పనిదినాల్లో అర్హత ఉందో లేదో ఉద్యోగికి చెప్పాలి, లేకపోతే ఎందుకు లేదో చెప్పాలి. వైద్యుడి సర్టిఫికెట్ మీద అనుమానమొస్తే ఆ వైద్యుడికి ఫోన్ చేసేది ఉద్యోగి పై అధికారి కాకూడదు. తిరిగొచ్చాక అదే ఉద్యోగం లేదా దానికి సమానమైనది ఇవ్వాలి. డయాలసిస్ లాంటి వాటికి సెలవును గంటల లెక్కన వాడుకోవచ్చు. ఒకే ప్రాజెక్టు, ఒకే క్లయింటు. ఆయనకు జవాబు, నాకు పెండింగ్.

మన దగ్గర చట్టాలు లేక కాదు. కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం 1961 ప్రకారం జబ్బుకో, ప్రమాదానికో, మరే సమంజసమైన కారణానికో ఏడాదికి 12 రోజులు జీతంతో సెలవు ఉంది. నాన్న డయాలసిస్ సమంజసం కాకపోతే మరేది సమంజసం? నెల జీతం 21,000 దాటని వాళ్లకు, అంటే మా ఆఫీసు సెక్యూరిటీ అన్నకీ హౌస్‌కీపింగ్ అక్కకీ, ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కింద తమకు జబ్బు చేస్తే ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం వేతనం వస్తుంది. ఆ రోజుల్లో ఉద్యోగంలోంచి తీసేయకూడదు కూడా. ప్రసూతికి 26 వారాలున్నాయి. ఆ హక్కుల సంగతి ఉద్యోగంలో చేరేటప్పుడే రాతపూర్వకంగా తెలియజేయాలని 2017 సవరణ చెప్పింది. తల్లుల విషయంలో ఆ పద్ధతి పెట్టగలిగినప్పుడు మిగతా సెలవులకు ఎందుకు పెట్టలేరు?

2025 అక్టోబరులో ఏడాదికి 12 రోజుల నెలసరి సెలవుకు మీ మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మంచి పని. కానీ ఆ సెలవు కూడా ఇదే పోర్టల్లోంచి ఇలాంటి మేనేజర్ ముందుకే వెళ్తుంది.

సంస్థల్లో ఉద్యోగ నియమాల కోసం తెచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టం 1946 షెడ్యూల్లో ఒక అంశం చూడండి. సెలవుకు ఎలా దరఖాస్తు చేయాలి, ఎవరు మంజూరు చేయాలి అన్నది ఆ చట్టం పరిధిలోని ప్రతి సంస్థా రాసి పెట్టుకోవాలని అక్కడుండేది. ఐటీ కంపెనీలకు 2014లో దాన్నుంచే మినహాయింపు ఇచ్చారు, ప్రభుత్వాలు మారినా పొడిగిస్తూ వచ్చారు. ఊరికే ఇవ్వలేదు, ఫిర్యాదుల కమిటీ ఉండాలని, క్రమశిక్షణ చర్యలు మీ శాఖకు తెలపాలని షరతులు పెట్టారు. అంటే వాళ్ల జుట్టు మీ చేతిలోనే ఉంది. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి నియమాలు సరిచూసుకోడానికి ఇదే అదను.

కుటుంబ, వైద్య సెలవు అడిగితే ఐదు పనిదినాల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని, గడువు దాటితే మంజూరైనట్టే లెక్కించాలని షరతు చేర్చండి. కాదంటే కారణం, ఎవరికి మొరపెట్టుకోవాలో అందులోనే ఉండాలి. వైద్య కాగితాలు హెచ్ఆర్ దాటి బయటికి రాకూడదు. కంపెనీలకు భారమని పరిశ్రమల సంఘాలు మీ దగ్గరికి రావచ్చు. డాలస్‌లో ఆ భారం ఎన్నేళ్ల నుంచి మోస్తున్నారో వాళ్లనే అడగండి.

ఇట్లు,
ఒక ఐటీ ఉద్యోగి,
మారతహళ్లి, బెంగళూరు